మేడంగారి ఇంటాయన్ని ఎవరడుగుతారు

మా వదిన ఫార్మసీ కాలేజీలో టీబీ పాఠం చెప్పే తీరే వేరు. బోర్డు మీద రాసేది తక్కువ. గది మధ్య బల్ల అడ్డంగా వేయించి, అదే మందుల షాపు కౌంటరనుకోమనేది. ఇటు నిలబడ్డవాడు దగ్గాలి. అటు నిలబడ్డ పిల్ల సీసా మీద చెయ్యి వెయ్యకముందే మూడు మాటలడగాలి. దగ్గు ఎన్నాళ్లుగా ఉంది, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతోందా, బరువు తగ్గారా. అడక్కుండా సీసా తీసిందో, వదిన చేతిలో డస్టరు బల్ల మీద దబ్బుమనేది. "ఈమాత్రానికి నీకు చదువెందుకమ్మా, వంకాయలమ్ముకో" అనేది.

ఇంకోటి కూడా నూరిపోసేది. "కొన్ని యాంటీబయాటిక్ బిళ్లలు టీబీని పూర్తిగా చంపవు, కొన్నాళ్లు నోరు నొక్కి కూర్చోబెడతాయంతే. రోగి తగ్గిందనుకుంటాడు. లోపల అది మొండికెత్తుతుంది. ముందు కఫం పరీక్షకి పంపండి."

ఆ పాఠం అందరికంటే బాగా అప్పజెప్పినవాడు మా వీధి మలుపులోనే షాపు పెట్టాడు. వదిన వాణ్ని ఇప్పటికీ ఫస్ట్ బెంచీ అనే పిలుస్తుంది. వదిన కనబడితే చాలు, వాడు కౌంటరు దిగొచ్చి చేతులు కట్టుకు నిలబడేవాడు. ఆవిడకి అదో మురిపెం.

ఆ మురిపెమే మా అన్నయ్యని మింగింది. అన్నయ్య బడిలో డ్రిల్లు మాస్టారు. ఆయన ఈల వేస్తే వీధికుక్కలు కూడా వరసలో నిలబడతాయని నవ్వుకునేవాళ్లం. అలాంటి మనిషికి దగ్గు పట్టుకుంది. గ్రౌండులో దుమ్మేలే అన్నాడు. పరీక్ష చేయించుకోరాదూ అని వదిన అంటే, "నీ శిష్యుడి దగ్గర మందు తెచ్చుకున్నాలేవోయ్" అన్నాడు. అంతే, ఆవిడ నిశ్చింతగా పేపర్లు దిద్దుకుంది. వాడు అడక్కుండా ఇస్తాడా, అడిగే ఇచ్చుంటాడని.

అక్కడ వాడేమో, మేడంగారి ఇంటాయనకి నేను ప్రశ్నలు వెయ్యడమేమిటి, మేడం చూసే పంపించుంటారు అనుకున్నాడు. సీసా ఇచ్చాడు. తగ్గలేదంటే, వదిన పాఠంలో వద్దన్న ఆ యాంటీబయాటిక్ బిళ్లలే ఇచ్చాడు. అన్నయ్యకి కాస్త తగ్గేది, మళ్లీ తిరగబెట్టేది, మళ్లీ అవే బిళ్లలు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది మా వదిన చదువు.

దగ్గులో రక్తం పడ్డాక గానీ ఆస్పత్రికి పోలేదు. పెద్దడాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూసి, ఇన్నాళ్లూ ఏం వాడారని అడిగాడు. వదిన అన్నయ్య జేబులోంచి మందుల అట్టలు తీసి గడగడా పేర్లు చదువుకుపోతూ సగంలో ఆగిపోయింది. ఆయన కఫం పరీక్షకి రాశాడు. మామూలు మందులకి లొంగని రకమని తర్వాత తేలింది. ఈల ఊదిన మనిషికి మెట్లెక్కే ఊపిరి లేకుండా పోయింది. వానాకాలం వెళ్లకముందే మా అన్నయ్య పోయాడు.

నాకు కడుపు మండిపోయింది. షాపుకెళ్లి నలుగురిలో వాణ్ని కడిగిపారేశాను.

"ముక్కూ మొహం తెలియనివాడొస్తే అడుగుతావా లేదా?"

"అడుగుతానక్కా."

"మరి మా అన్నయ్యనెందుకు అడగలేదు?"

"సార్‌ని అడిగితే మర్యాదగా ఉండదని..." అంటూ నీళ్లు నమిలాడు.

"నీ మర్యాద తగలెయ్య" అన్నాను. ఇంటికొచ్చి అదే నోటితో వదిన్నీ అన్నాను. ఆవిడ తల వంచుకుని మాటలు పడింది. పడుతుంటే నాకింకా ఒళ్లు మండింది.

ఇంట్లో అందరం పరీక్ష చేయించుకున్నాం. ఎవరికీ ఏమీ లేదు. రిపోర్టులు తెచ్చుకుని వస్తుంటే వదిన మలుపులో ఆగింది. "ఒక్క నిమిషం రా" అని షాపు మెట్లెక్కి, కౌంటరు ముందు నిలబడి దగ్గింది. క్లాసులో పిల్లల చేత దగ్గిస్తుందే, అచ్చం అలాగే.

ఫస్ట్ బెంచీ గబగబా దిగొచ్చి స్టూలు తుడిచి వేశాడు. కళ్లలో నీళ్లు. "కూర్చోండి మేడం" అన్నాడు.

వదిన కూర్చోలేదు. మళ్లీ దగ్గింది. "దగ్గుకేమైనా ఇవ్వవోయ్" అంది.

వాడు అలమార వైపు తిరిగాడు. నేను చూస్తున్నాను. అడుగుతాడని, ఒక్కటైనా అడుగుతాడని. వాడు సీసాల మీద చెయ్యి పెట్టి, ఎంతో వినయంగా వెనక్కి చూశాడు.

"మీకు తెలియనిదేముంది మేడం. ఏది ఇమ్మంటారు?"

వదిన దగ్గడం ఆపేసింది.

"వీడికి నూటికి నూరూ వేసింది నేనే" అంది నాతో, మెట్లు దిగుతూ.