పార్కింగు ట్యూబు

తామర పట్టిన ఒంటితో చర్చిలో నేను చేసిన వీరంగం గురించి శంషాబాద్ ఎయిర్‌పోర్టు డ్రైవర్లు ఒకలా చెబుతారు, తుక్కుగూడ చర్చివాళ్లు ఇంకోలా చెబుతారు. రెండూ నమ్మకండి. పోయిన పరువు నాది, చెప్పే హక్కూ నాదే.

ఎయిర్‌పోర్టు క్యాబు నడుపుతూ రోజంతా చెమట ప్యాంటుతో కూర్చునేవాణ్ని. నడుం మీద గుండ్రంగా తామర లేచింది. అప్పుడే మా రూతక్క పాపను చర్చిలో దేవునికి ప్రతిష్ఠించే ఆదివారం దగ్గరపడింది. పాపను ఎత్తుకుని పాస్టరుగారి ముందు నిలబడాల్సింది మేనమామనైన నేనే. ఆ పిల్లంటే నాకు ప్రాణం.

అక్క నన్ను గుమ్మంలోనే ఆపేసింది. "గా తామర పోయేదాక పిల్లను ముట్టకు. దవాఖానకు పో."

"గింత మచ్చకు దవాఖాననా? నేను చూసుకుంట తియ్యక్కా!"

చూసుకున్నాను. మా పార్కింగులో తోటి డ్రైవరు యాదగిరన్న బండిలో ఒక పూతమందు ట్యూబు ఉండేది. దురద పుట్టిన ప్రతి డ్రైవరూ అది పిండుకునేవాడే, అక్కడ వేలాడే ఒకే తువ్వాలకు చెయ్యి తుడుచుకునేవాడే. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా దగ్గర తామర తలా చుక్క.

"జర రాయి తమ్మీ, పొద్దుగాలకల్ల మాయం," అన్నాడు యాదగిరన్న.

నిజంగానే దురద పోయింది, ఎరుపు తగ్గింది. వెళ్లి అక్కకు చొక్కా ఎత్తి చూపించాను. "ఏందక్కా, ఇప్పుడు ఎవలు డాక్టర్?"

ఆదివారానికల్లా అది వీపంతా పాకింది. అక్కకు చెబితేనా! మెడదాకా బొత్తాలు పెట్టుకుని, పాపను ఎత్తుకుని నిలబడ్డాను. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు, దురద కూడా తన పని మొదలుపెట్టింది. రెండు చేతుల్లోనూ పాప, గోక్కునేదెలా చెప్పండి? భుజాలు ఎగరేశాను. నడుం తిప్పాను. చివరికి స్తంభానికి వీపు ఆనించి బర్రెలా రుద్దుకున్నాను. నేను ఆనందం పట్టలేక ఊగుతున్నాననుకుని వెనక వరుసలవాళ్లు చప్పట్లు అందుకున్నారు. కంజీర వాయించేవాడైతే రెచ్చిపోయాడు!

అక్క మాత్రం మోసపోలేదు. అందరి ముందూ నా చేతుల్లోంచి పాపను లాక్కుంది. నిజం చెబుతున్నా, అప్పుడు ఏడుపొచ్చింది.

మర్నాడు చర్మం డాక్టరమ్మ ఆ ట్యూబు చూసి మండిపడింది. "ఇందులో స్టిరాయిడ్ ఉంది. దురదను జోకొడుతుంది, లోపల ఫంగస్‌ను మేపుతుంది. నేనిచ్చే మందు మచ్చ పోయిందని మధ్యలో ఆపకు. నీ తువ్వాలు నీకే, ఒళ్లు పొడిగా ఉంచుకో."

బయటికొస్తే బెంచీ మీద యాదగిరన్న, ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకుని.

మందు చివరిదాకా వాడాను. ఇక భయం లేదని డాక్టరమ్మ అన్నాకే అక్క ఇంటికి వెళ్లాను. "ఈ పిల్ల తల మీద ఒట్టు, ఇంకొకని ట్యూబు ముడితే చెప్పుతోటి కొట్టు!" అంటూ చెయ్యి చాపాను.

అక్క పాపను వెనక్కి లాగింది. "ఒట్టు దూరంకెల్లి పెట్టు!"

గుమ్మం బయటే నిలబడి పెట్టాను. పాప మాత్రం ఆగలేదు, తల్లి చంకలోంచి నా మీదికే దూకింది.

కాబట్టి నా స్టీరింగు సాక్షిగా చెబుతున్నాను: ఇక తామర లేస్తే డాక్టరుకే చూపిస్తాను, పార్కింగుకు చూపించను. చర్చిలో మాత్రం ఊగుతాను. చర్చివాళ్లారా, చప్పట్లు కొట్టింది మీరే కదా!