మూట విప్పని జన్నత్ బీ

ఆత్మకూరు నుంచి జన్నత్ బీ వారానికొకసారి మా ఊరికి నడిచి వచ్చేది. భుజాన గాజుల మలారం, చంకలో రేకు పెట్టె. ఆ పెట్టెలో గిల్టు దుద్దులు, రంగురాళ్ళ ముక్కుపుల్లలు, జడకుచ్చులు, అప్పుడప్పుడే వస్తున్న ప్లాస్టిక్ గాజులు ఉండేవి. హైదరాబాదు పోయి చార్మినారు దగ్గర తెచ్చేది.

"గిది కొత్త ఫేషన్ బిడ్డా, సినిమాల ఏసుకున్నరంట" అని దుద్దులు చూపిస్తే మా అమ్మ నవ్వేది.

"నువ్వెప్పుడు జూసినవే సినిమా?"

"నేనేడ జూసిన! అమ్మినోడు చెప్పిండు. ఆడు జూసిండో లేదో అల్లాకెరుక."

గాజులు ఎక్కించేటప్పుడు ఒకటి పగిలితే ఆ నష్టం తనదే అనేది. "చెయ్యి సడలియ్యి బిడ్డా, నన్ను నమ్ము" అంటూ వేళ్ళను నెమ్మదిగా ఒత్తేది. ఆమె చేతిలో గాజు గీసుకుని ఎవరికీ రక్తం రావడం నేను చూడలేదు.

పెట్టె అడుగున, పచ్చ గుడ్డలో చుట్టిన ఒక మూట ఉండేది. అందులో గిల్టు కాసులపేరు. అది అమ్మకానికి కాదు. బంగారం లేని ఇంట్లో పెండ్లి జరిగితే, పెండ్లి గాజులు వేసే రోజున ఆ మూటను ఎవరూ చూడకుండా తల్లి చేతిలో పెట్టేది. మూడో నాడు తిరిగి తీసుకునేది. కిరాయి లేదు. ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు మూట విప్పేది కాదు. విప్పితే ఇంట్లో ఎవరైనా చూస్తారు, అది ఎవరి మెడలోనిదో ఊరికి తెలుస్తుంది. ఎన్ని ఇళ్ళలో ఎంతమంది ఆడపిల్లల మానం ఆ గుడ్డలో దాగి ఉందో ఆమె ఒక్కదానికే ఎరుక.

నా పెండ్లి పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో జరిగింది. నా మెడలో ఉన్నదీ ఆ కాసులపేరే. మా అత్త హనుమమ్మ దాన్ని చూసి మురిసిపోయింది. తన ఊళ్ళో పదిమందికి చెప్పుకుంది. తరువాత ఆమె అడిగితే, అది పుట్టింట్లో భద్రంగా ఉందని మా అమ్మ అబద్ధం చెప్పింది. నేను తల ఊపాను.

తిరిగి ఇచ్చే రోజు పొద్దున, ఇంత మేలు చేసిన మనిషికి చెమట మరకలతో ఎట్లా ఇవ్వడం అనిపించింది. తళతళ మెరిసేటట్లు చేసి ఇద్దామనుకున్నాను. మా ఇంట్లో తోమడమంటే ఇత్తడి బిందెలు తోమడమే. బంగారాన్ని కుంకుడు రసంతో కడుగుతారని నాకు తెలియదు, ఇక గిల్టు సంగతి ఏం తెలుస్తుంది? చింతపండు, ఉప్పు, బూడిద కలిపి బిందెను రుద్దినట్టే కాసులను రుద్దాను. నీళ్ళు పోసి చూస్తే పసుపుదనం పోయింది. కాసులన్నీ కొత్త రాగి చెంబు రంగులో ఎర్రగా ఉన్నాయి.

అమ్మకు చెప్పలేదు. తడి తుడిచి, పచ్చ గుడ్డలో చుట్టి, ముడి వేశాను. మధ్యాహ్నం జన్నత్ బీ వచ్చింది. ఎప్పటిలాగే విప్పకుండా పెట్టెలో పెట్టుకుని, నా తల మీద చెయ్యి వేసి "పిల్లా పాపలతోని సల్లగుండు" అని దీవించింది. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ తెలుసు.

నెల తిరగకముందే మా అత్తగారి ఊళ్ళో అండాలు అనే పిల్ల పెండ్లి. ఆ ఊరికీ జన్నత్ బీయే గాజులు తెచ్చేది. గాజులు వేసేటప్పుడు అత్తతో పాటు నేనూ ఉన్నాను. జన్నత్ బీ మూటను అండాలు తల్లికి చాటుగా ఇస్తుండగా, పిల్ల మేనత్త చూసి లాక్కుంది.

"ఏందది దాస్తున్నరు? మేం జూడొద్దా?"

"ఇప్పకు తల్లీ, జర ఆగు!" అంటున్నది జన్నత్ బీ. ఆమె చెయ్యి చాపేలోపే ముడి ఊడింది.

"అయ్యో, గిది రాగి! పెండ్లిపిల్లకు రాగి బిళ్ళలు తెచ్చినవా? మా పిల్లంటే గంత అలుసా నీకు?"

అండాలు మోకాళ్ళ మధ్య ముఖం దాచుకుంది. జన్నత్ బీ కాసులను చేతిలోకి తీసుకుని ఒకసారి వాసన చూసింది. తల ఎత్తి నావైపు చూసింది. ఒక్క క్షణమే. నేను నోరు తెరిస్తే మా అమ్మ అబద్ధం అత్త ముందు బయటపడుతుంది. తెరవలేదు.

"నాదే తప్పు. పెట్టెల తడి తగిలినట్టుంది" అన్నది జన్నత్ బీ.

ఆ పిల్ల బోసి మెడతోనే పీటల మీద కూర్చుంది. ఆ తరువాత ఆ ఊళ్ళో జన్నత్ బీని గాజులకు పిలిచేవాళ్ళు తగ్గారు. పిలిచినా వాకిట్లోనే కూర్చోబెట్టేవాళ్ళు. కాసులపేరు మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదని విన్నాను. రోజూ దేవుని ముందు దీపం వెలిగించేదాన్ని, చెంపలు వేసుకునేదాన్ని, నోరు మాత్రం విప్పేదాన్ని కాదు. అట్లా ఎనిమిదేళ్ళు గడిచాయి.

మా ఆడబిడ్డ కృష్ణమ్మ పెండ్లి కుదిరినప్పుడు గాజులకు ఎవరిని పిలుద్దామన్న మాట వచ్చింది. "జన్నత్ బీని పిలుద్దాం అత్తా" అన్నాను.

"ఆ రాగి బిళ్ళల ముసల్దాన్నా? పెండ్లి ఇంట్ల అపశకునం!"

అత్త నోట ఆ మాట విన్నాక ఇక దాచలేకపోయాను. పొయ్యి దగ్గరే కూర్చుని మొత్తం చెప్పాను. నా మెడలోది గిల్టని, తోమింది నేనని, ఆమె నా పరువు కోసం నింద మోసిందని.

"పదిమందికి చెప్పుకుంటి గదనే దాని గురించి" అన్నది అత్త. మరునాడు తానే ఆత్మకూరుకు కబురు పంపింది.

జన్నత్ బీ వచ్చింది. వంగిపోయింది, చూపు తగ్గింది. అలవాటుగా వాకిట్లో కూర్చోబోతే అత్త లోపల చాప పరిచి "లోపలికి రా బీ" అని మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. గాజులకు చేరిన ఆడవాళ్ళందరి ముందూ, వాళ్ళలో అండాలు కూడా ఉంది, నేను జరిగినదంతా చెప్పాను. అండాలు నావైపు చూడలేదు. గాజులు వేయించుకోకుండానే లేచి వెళ్ళిపోయింది.

"ఇప్పుడెందుకు బిడ్డా గా ముచ్చట?" అన్నది జన్నత్ బీ. "ఆనాడే ఎరుక నాకు. చింతపండు వాసన పోతదా?"

"మరి ఎందుకు చెప్పకపోతివి?" అని అడిగాను.

"చెప్తే మూట విప్పినట్టే గదా."

నా చెయ్యి అందుకుంది. సిగ్గుతో వేళ్ళు కట్టెల్లా బిగుసుకున్నాయి. మొదటి గాజు పగిలింది, రెండోదీ పగిలింది. ఆమె ముక్కలు ఏరి పక్కన పెట్టి, మళ్ళీ నా వేళ్ళు ఒత్తడం మొదలుపెట్టింది.

"సడలియ్యి బిడ్డా" అన్నది. "జర సడలియ్యి."