వైద్యం తాత అందుకోని తాంబూలం

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న మా పక్కింటి వైద్యం తాత కన్నుమూశారు. ఒడిశాలో మా గుణుపురం చుట్టుపక్కల పల్లెలకు పసరూ వేరూ ఇచ్చిన మనిషి, నిద్రలోనే, ఏ బాధా పడకుండా వెళ్ళిపోయారు.

ఎవరొచ్చినా ముందు "నిన్న ఏటి తిన్నావు?" అని అడిగేవారు. సగం రోగాలు ఆ జవాబులోనే దొరికేవట. నేను బళ్ళో ఒడియా చదువుకున్నదాన్ని. నేలవేము, ఉత్తరేణి, పల్లేరు అంటూ తెలుగు పేర్లు ఆయన చెబుతుంటే రాసుకునేదాన్ని. చేదు ఆకు పేరు కూడా నోటికి తియ్యగా ఉండేది.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. రోగి తెచ్చిన తాంబూలం చేత్తో అందుకున్నాకే మందు మొదలు. అందుకోకపోతే ఆ మనిషి ఇక దక్కదని ఊరంతా అనుకునేది.

నాలుగేళ్ళ కిందట అమ్మకు రొమ్ములో గడ్డ కనిపించింది. పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు, ఆపరేషన్ కావాలన్నారు. కత్తికి భయపడి అమ్మ తాంబూలం పట్టుకుని తాత దగ్గరికి వెళ్ళింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు. అమ్మ ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. "నా పని అయిపోయిందే అమ్మీ" అంది నాతో.

సాయంత్రం తాతే మా గుమ్మంలోకి వచ్చారు.

"ఏటమ్మీ, అప్పుడే సచ్చిపోయేవా?"

"నువ్వు పుచ్చుకోలేదు కదా మావయ్యా."

"పుచ్చుకోలేదంటే నువ్వు పోతావని కాదు, నాకు సేతకాదని! ఈ గడ్డ పసరుకి కరగదు. కరుగుద్దనుకుని మీ అత్తకి ఆర్నెల్లు పోసేను. ఏటయ్యింది? రేపు బస్సెక్కు, నేనూ వస్తాను."

తాత భార్య ఎలా పోయిందో మాకు ఆ రోజే తెలిసింది.

విశాఖపట్నంలో ఆపరేషన్ జరిగింది. కీమో నడుస్తుండగా, నీరసానికి ఏదైనా వేరివ్వమని అమ్మ బతిమాలేది. "డాక్టరు మందూ నా మందూ లోపల కలిసి ఏటి మాటాడుకుంటాయో నాకు తెల్దమ్మీ. సోడంబలి తాగొచ్చా అని డాక్టర్నే అడిగేను. తాగొచ్చంట, తాగు" అని రాగి అంబలి గ్లాసు చేతికిచ్చేవారు. జుట్టు రాలిపోయిందని ఏడిస్తే తన బట్టతల నిమురుకుని, "నాకు ఏ కీమో ఇచ్చేరని?" అనేవారు. అమ్మ ఏడుస్తూనే నవ్వేది.

నిన్న తాత మడిలో ఉభాలు, వరినాట్లు. నారు అందించడానికి అమ్మ దిగింది, నేను గట్టు మీద నిలబడ్డాను. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి కొన్నాళ్ళు భుజం ఎత్తు కూడా లేచేది కాదు. పిక్కల లోతు బురదలో నిలబడి అమ్మ ఆ చేత్తోనే నారుకట్ట ఎత్తి విసిరింది. మడి అవతలి కొసన, నాటేవాళ్ళ వెనక, నీళ్ళు చిమ్మాయి.