మాస్టారు ఎంచుకున్న పొడుగువాడు

మా బాస్కెట్‌బాల్ మాస్టారు పోయారని మొన్న పొద్దున్న ఫోనొచ్చింది. చేసింది మా టీమ్‌లో నాతో పాటు ఆడిన రెండో పొడుగువాడు. "బావా, మాస్టారు ఎలిపోయారు," అన్నాడు. రెండ్రోజుల ముందు అతనే, "ఆస్పత్రిలో ఉన్నారు, నిన్ను సూడాలంతన్నారు," అని చెబితే, ఆదివారం వస్తానన్నాను. ఆదివారం ఇంకా రాలేదు.

మాస్టారిది ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపే పని. పొద్దుటి షిఫ్టు దిగి, అన్నం కూడా తినకుండా ఉక్కునగరం కోర్టుకి వచ్చేసేవారు. విజిల్ వాడేవారు కాదు, చప్పట్లే. బాస్కెట్ వేసినవాణ్ని మేం ఎత్తుకుని గంతులేస్తుంటే, "బంతి సేతిలో లేనోడ్ని సూడండ్రా," అనేవారు. ఆ ఆటలు చూసినవాళ్లు మీలో ఉంటే గుర్తుండే ఉంటుంది, పాయింట్లన్నీ నావి. రెండోవాడు చేపలు పట్టేవాళ్లింటి అబ్బాయి. నాకు దారి చేసేవాడు, దెబ్బలు తినేవాడు, నేను తప్పిన బంతిని మళ్లీ అందుకునేవాడు.

ఒక కంపెనీ టీమ్‌కి పొడుగువాడు ఒక్కడు కావాలన్నారు. ఉద్యోగం కూడా ఇస్తారు. ఎవరన్నది మాస్టారి మాట. అప్పటికి నాన్న నడుం విరిగి మంచంలో ఉన్నారు. నేను మాస్టారి క్వార్టర్‌కి వెళ్లి గుమ్మంలోనే కాళ్లు పట్టుకున్నాను.

"నా పేరు సెప్పండి మాస్టారూ. నాను తప్ప ఇంట్లో సంపాదించీవోడు లేడు."

నన్ను లేపబోయి, లేపలేక, ఆయనే నేలమీద కూలబడ్డారు.

"ఆడు లేని రోజు నువ్వెన్ని ఏసావురా? నువ్వు లేని రోజు టీమ్ ఓడిందేటి? నన్ను అబద్ధం సెప్పమంటావేటి?"

ఉద్యోగం రెండోవాడికి వచ్చింది. ఆ తర్వాత నెలల తరబడి మాస్టారు మా ఇంటికొచ్చి నాన్నను పట్టుకుని నడిపించారు. నాన్న మళ్లీ లేచి తిరిగారంటే ఆయన వల్లే. ఆయన వీధి గుమ్మంలోకి రాగానే నేను పెరటి తలుపు తీసుకుని పోయేవాణ్ని. దువ్వాడలో గోడౌన్ పని దొరికాక వేరే టీమ్‌లో ఆడాను. మొదటి ఆటలో దారి చేసేవాడు లేక బంతి నా దాకా రానే లేదు. ఆయన చెప్పింది నిజమని ఆ రోజే తెలిసింది. ఆ మాట ఆయనతో అనడానికి నాకు పదకొండేళ్లు చాలలేదు. ఇప్పుడెవరితో అనను?

పాడె ముందువైపు మా పొడుగువాళ్లిద్దరికీ ఇచ్చారు. వెనక పట్టినవాళ్లు పొట్టివాళ్లు. నాలుగడుగులకే మాస్టారు వెనక్కి జారసాగారు. ఎవరో కేకేశారు. పక్కకి చూస్తే, అతను అప్పటికే మోకాళ్లు వంచేశాడు. నేనూ వంచాను. శ్మశానం దాకా ఇద్దరం అలాగే, సగం కూర్చున్నట్టు నడిచాం.