టీవీకి వీపు పెట్టి కూర్చున్న రోజులు

వాన ఇంకా పడలేదు. పడినాక ఒలుద్దామంటే కుదరదు కాబట్టి, పొద్దున్నే విత్తనపు మూట విప్పి, ఒక చెనక్కాయను చెవి దగ్గర పెట్టుకొని ఆడించాను. లోపల గింజలు గలగలమన్నాయి. కాయ బాగా ఎండిందని అర్థం. ఏటా ఈ చప్పుడు వింటాను, ఏటా నాకు హసీనా టీచరమ్మ గుర్తుకొస్తుంది. ఆయమ్మ సేద్యం మనిషి కాదు. మా ఊరి బడిలో తెలుగు చెప్పింది. పిల్లలకు చప్పుడు తీసేసిన వీడియోలు చూపించి, "ఇందులో చప్పుడు లేదు. మీరు రాస్తే నాకు వినపడల్ల" అనేది. అట్లా అడిగే మనిషిని అంతకుముందు నేను చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

మా ఊరు ముదిగుబ్బ దిక్కున, మెట్ట చేల మధ్య ఉంటుంది. వాన పడితే చెనక్కాయ, పడకపోతే గొర్రెలు, అవీ లేకపోతే బెంగళూరు. నా కొడుకూ కోడలూ అట్లనే కట్టడం పనికి బెంగళూరు పోయారు. మనవరాలు నవ్యను నా దగ్గర వదిలారు. అప్పుడది ఏడో తరగతి. పాఠం అప్పగించమంటే గడగడ చెప్పేది. గైడు చూసి రాయమంటే అక్షరాలు గుండ్రంగా, వరసగా పెట్టేది. సొంతంగా నాలుగు మాటలు రాయమంటే మాత్రం పెన్ను మూత నములుతూ కూర్చునేది. నేను మూడో తరగతితో ఆపినదాన్ని. చదువు సంగతి పెద్దగా తెలియకపోయినా, దండగ ఏదో నాకు తెలుసు. ధర్మవరంలో మా చెల్లెలు నాగమ్మ ఇంట్లో పట్టుచీరల మగ్గాలు ఉన్నాయి. శ్రావణమాసం పెళ్ళిళ్ళకు చీరలు బాగా పోతాయి, దారం కండెలకు చుట్టేదానికి మనిషి కావాలి, పిల్లను పంపించక్కా, నిదానంగా మగ్గం కూడా నేర్పిస్తా అంది. రాయడం రాని పిల్లకు బడి ఎందుకు, చేతిలో పని ఉంటే బతుకుతుంది అనుకున్నాను. ఆషాఢం పోయేలోపల పంపిస్తానని మాట ఇచ్చేశాను. కొడుకును కూడా అడగలేదు. మా ఇంట్లో నా మాట మీద ఇంకో మాట ఉండేది కాదు.

ఆ ఏడు బళ్ళు తెరవగానే హసీనా టీచరమ్మ బదిలీ మీద మా బడికి వచ్చింది. రోజూ కదిరి నుంచి బస్సులో వచ్చేది. సన్నటి మనిషి, నూలు చీర, భుజాన గుడ్డ సంచి, చేతిలో అద్దం పగిలిన ఫోను. దారిలో ఏ పని కనపడినా నిలబడి వీడియో తీసేదట. గొర్రెలు రోడ్డు దాటుతుంటే తీసేది. హోటలాయన దోసె తిప్పుతుంటే తీసేది. పిచ్చి పట్టిన టీచరు వచ్చిందని ఊళ్ళో అనుకున్నారు. నేను కూడా అన్నాను. ఒక సాయంత్రం నవ్య వచ్చి, "అవ్వా, ఫోను ఇయ్యి. టీచర్ ఏదన్నా ఒక పని వీడియో తీసుకుని రమ్మనింది" అనేసరికి నాకు ఒళ్ళు మండింది. మరుసటి రోజు నేరుగా బడికి పోయి, క్లాసు వాకిట్లోనే నిలబడి అడిగాను.

"ఏమ్మా టీచరమ్మా, పిల్లోళ్ళను బడికి పంపేది చదువుకునేకా, సినిమాలు చూసేకా? నెట్టుకు దుడ్లు మీరిస్తారా?"

నవ్య బెంచీ కిందికి దూరింది. ఆయమ్మ మాత్రం నన్ను చూసి, చుట్టం వచ్చినట్లు ఎదురొచ్చింది. "సరిగ్గా వచ్చినావు పెద్దమ్మా. నీయట్లా మనిషి కోసమే చూస్తాండా. మా వీడియో చూడని మనిషి ఒకరు కావల్ల. రా, ఈడ కూర్చో. టీవీకి వీపు పెట్టి."

"వీపు పెట్టి కూర్చునేకి నేనేమన్నా అలిగిన పెళ్ళికూతుర్నా?"

పిల్లలు నవ్వారు. కొట్లాడేదానికి పోయినదాన్ని, కుర్చీ ఇచ్చేసరికి కూర్చున్నాను. నా వెనక గోడకున్న పెద్ద టీవీలో ఏదో ఆడింది. చప్పుడు లేదు. ఆడినంతసేపూ పిల్లల మొహాలు చూస్తూ ఉండిపోయాను. అది అయిపోగానే అందరూ తలలు వంచి రాసుకున్నారు. తర్వాత రఫీ అనే పిల్లోడు లేచి చదివాడు. "ఒక వ్యక్తి సైకిల్ బాగు చేస్తున్నాడు. అతని పని చాలా బాగుంది. మనం కూడా కష్టపడి పని చేయాలి."

"ఏం కనపడింది పెద్దమ్మా?" అని అడిగింది టీచరమ్మ.

"ఏం కనపల్యా. బాగుంది బాగుంది అంటాడే గానీ ఏం బాగుండాదో చెప్పల్యా. కష్టపడల్లని నాకు వీడు చెప్పేదేంది?"

క్లాసంతా గొల్లున నవ్వింది. రఫీ తల గోక్కుంటూ కూర్చున్నాడు. ఆయమ్మ వాణ్ణి ఏమీ అనలేదు. "ఇంగోసారి చూద్దాం. ఈసారి ఆయప్ప చేతుల్నే చూడండి. పెద్దమ్మ అట్లనే కూర్చోనుంటాది" అని మళ్ళీ ఆడించింది. ఈసారి రఫీ చదివింది నాకు ఈరోజుకీ గుర్తుంది. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పుతుంటే ఒక చోట బుడగలు వచ్చాయట. ఆయన అక్కడ బొటనవేలు అదిమిపెట్టి, ఇంకో చేత్తో చెవి వెనక నుంచి పెన్సిలు తీశాడట. నేను కుర్చీలో ముందుకు వంగాను. "ఆఁ! ఇప్పుడు కనపడింది. పంచరు యాడుండాదో గుర్తు పెట్టుకునేకి గీత గీస్తాడు సూడు" అన్నాను. "గీసినాడవ్వా, గీసినాడు!" అని వాడు ఎగిరాడు. వాడు రాసుకున్న కాగితంలో ఆ గీత లేదు. అది వాడి చేతనే రాయించింది ఆయమ్మ.

అప్పటి నుంచి ప్రతి శనివారం పోయేదాన్ని. నవ్యకు సిగ్గు. దారిలో నాకు పది అడుగుల ముందు నడిచేది. పిల్లలకు నేనంటే భయం, అయినా నేను పోని వారం "అవ్వ రాల్యా?" అని అడిగేవాళ్ళట. ఒక్క మాట ఎక్కువైనా నేను ఒప్పుకునేదాన్ని కాదు. "చాలా చాలా అంటివి, ఒక చాలా తీసెయ్. ఆ ఇంగొకటి కూడా తీసెయ్." ఇంట్లో నూనె చుక్కా, సబ్బు ముక్కా ఎట్లా చూసుకుంటానో వాళ్ళ మాటలూ అట్లనే చూసుకున్నాను. నాకు అది బాగా నచ్చింది కూడా. కానీ ఒక శనివారం మధ్యాహ్నం వరండాలో అన్నం తింటూ ఆయమ్మ, తన డబ్బాలోని రొట్టె తుంచి నా చేతిలో పెట్టి, మెల్లగా అనింది.

"పెద్దమ్మా, నువ్వు కలుపు బాగా తీస్తాండావు. కానీ చెట్లు కూడా పీకుతాండావు."

"ఏం పీకితిని?"

"పొద్దున ఆ పిల్ల, దోసె తిప్పేముందు ఆయప్ప ఒక్క గడియ ఆగినాడు అని రాసింది కదా. దండగని తీసేయమంటివి. ఎందుకాగినాడు?"

నేను ఆలోచించాను. "కాలిందో లేదో సూసుకునేకి."

"మరి అది లేకపోతే ఆయప్ప దోసె పోసేది రాని మనిషి అయిపోడా? దండగ మాట తీసేస్తే పొదుపు. కావాల్సింది కూడా దాచుకుంటే అది పొదుపు కాదు పెద్దమ్మా."

నన్ను అట్లా ముఖాన అన్నవాళ్ళు లేరు. వేరేవాళ్ళు అయితే రొట్టె అక్కడే పెట్టి లేచి వచ్చేదాన్ని. ఆయమ్మ అంటున్నప్పుడు నా మొహం చూడలేదు, నాకు ఇంకో ముక్క రొట్టె తుంచుతూ ఉంది. దాని మీద చెనక్కాయల పొడి వేసి మరీ ఇచ్చింది. తిన్నాను. ఇంటికి పోయినాక నిద్రపట్టేదాకా ఆ మాటే తిరిగింది. నా బతుకంతా నేను దాచిపెట్టింది పొదుపు అనుకుంటూ వచ్చాను. ఎవరికి ఏం ఇవ్వకుండా దాచానో ఎప్పుడూ లెక్క చూడలేదు.

ఆషాఢం సగమయింది. నాగమ్మ ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది. నవ్య ఇంకా పెన్ను మూతే నములుతోంది. మిగతా పిల్లలంతా లేచి చదువుతుంటే ఇది మాత్రం "నాది కాలేదు టీచర్" అనేది. ధర్మవరం సంగతి అదే పోయి టీచరమ్మకు చెప్పుకుందని తర్వాత తెలిసింది. ఆయమ్మ మా ఇంటికి వచ్చింది. చదువు గొప్పదనం గురించి ఏమన్నా చెప్తుందేమో, చెప్తే ఏమనాలో అని నేను మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆయమ్మ ఆ ఊసే ఎత్తలేదు. వాకిట్లో కూర్చొని, నాతోపాటు చెనక్కాయలు ఒలుస్తూ, ఒకటే అడిగింది.

"పిల్లను బస్సెక్కించే ముందు దాని వీడియో ఒకటి విని పంపించు."

"అది రాసేది లేదు, నేను వినేది లేదు."

"వినుపో. తర్వాత నీ ఇష్టం."

మాట్లాడుతూ ఒక గింజ నోట్లో వేసుకోబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను. "విత్తనం! విత్తనం ఒలిచేటప్పుడు నోట్లో ఏస్కోకూడదు. కూలోళ్ళనైనా నేను ఊరుకోను." ఆయమ్మ గింజను జాగ్రత్తగా చాటలో వేసి చేతులు దులుపుకుంది. మా దిక్కు ఇది అందరికీ ఉన్న పట్టింపే. విత్తడానికని తీసి పెట్టింది తింటే భూమి నోటి దగ్గరిది లాక్కున్నట్లు అనుకుంటాం. నేను ఇంకొంచెం గట్టిగా అనుకుంటాను, అంతే.

రెండు రోజులకు నవ్య నేను ఒలుస్తుంటే ఎదురుగా కూర్చొని వీడియో తీసింది. "నా మొగం పెట్టినావంటే ఫోను బాయిలో ఏస్తా" అన్నాను. చేతులే తీసుకుంది.

ఆ శనివారం నా వెనక టీవీలో నా చేతులే ఆడుతున్నాయని నాకు తెలుసు. పిల్లలు రాశారు, చదివారు. చాట ఎక్కడుందో, ముడత గింజలు ఏ గిన్నెలో పడుతున్నాయో బాగానే చెప్పారు. ఒక చోట మాత్రం అందరూ తగులుకున్నారు. చెయ్యి ఒక గింజ తీసుకొని వీడియోలోంచి బయటికి పోయిందట, ఉత్త చెయ్యి వెనక్కి వచ్చిందట. పుచ్చు గింజ పారేసింది అని రఫీ రాశాడు. కోడికి వేసింది అని ఇంకో పిల్ల. అప్పుడు నవ్య లేచింది. కాగితం ఎత్తి పట్టుకొని చదివింది.

"కాయ మీద గోరు ఆనిస్తే టప్పుమంటుంది. ఆ బొటనవేలి గోరు నల్లగా ఉంది. మంచి గింజ చాటలోకి పోతుంది. ముడత గింజ గిన్నెలోకి పోతుంది. మాటలు లేవు. విత్తనం తినకూడదని మా అవ్వ అందరినీ తిడుతుంది. ఒకసారి చెయ్యి వీడియోలో నుంచి బయటికి వచ్చింది. అది నా నోటి దగ్గరికి వచ్చింది. గింజ మంచిదే. మా అవ్వ నా వైపు చూడలేదు. గింజ మట్టి వాసన వేసింది, తియ్యగా ఉండింది. చెయ్యి మళ్ళీ వీడియోలోకి పోయింది."

పిల్లలంతా ఒక్కసారిగా, "అవ్వా, విత్తనం తినిపించినావా! అవ్వా, మాకూ!" అని మొదలుపెట్టారు. "నోరు ముయ్యండ్రా, బడిలో విత్తనం యాడుండాది!" అని కసురుకున్నాను గానీ నా చెవులు వేడెక్కాయి. ఎవరూ చూడలేదనుకున్న పని అది. ఆ పిల్లకు కూడా గుర్తుండదనుకున్నాను.

టీచరమ్మ ఎప్పటిలాగే అడిగింది. "ఏం కనపడింది పెద్దమ్మా?"

చేతులు అనబోయాను. చేతులు అందరూ రాశారు. "పిల్ల కనపడింది" అన్నాను. "వీడియోలో లేదు కదా అది. నాకు ఎదురుగా కూర్చోనుండేది కనపడింది."

హసీనా టీచరమ్మ నవ్వింది. నవ్య దగ్గరికి పోయి దాని చేతిలోంచి పెన్ను తీసుకొని, నమిలి నమిలి అరిగిపోయిన మూత ఊడదీసి, పెన్ను మాత్రం తిరిగి ఇచ్చింది.

ఇంటికి వచ్చేటప్పుడు నవ్య నాకు ముందు నడవలేదు, పక్కనే నడిచింది. గడప దాటకముందే నాగమ్మకు ఫోన్ చేశాను.

"కండెలకు ఇంగొకర్ని చూసుకో."

"ఏమైందక్కా? మాట ఇస్తివే."

"ఇస్తి. పిల్లకు ఈడ పనుండాది."

నాగమ్మ శ్రావణం అంతా నాతో మాట్లాడలేదు. మాట తప్పినదాన్ని అయ్యాను, దానికి నాకు బాధ లేదు.

ఆ తర్వాత నన్ను కూడా రాయమని కాగితం ఇచ్చింది ఆయమ్మ. పాత క్యాలెండర్ల వెనక పక్క ఖాళీగానే ఉంటుంది కదా, కొత్త కాగితం ఎందుకని వాటి మీదనే రాశాను. మూడో తరగతిలో వదిలిన అక్షరాలు చేతికి వచ్చేదానికి చాలా కాలం పట్టింది. ఆయమ్మ ఎర్ర సిరాతో దిద్దేది కాదు. పక్కన ఒక ప్రశ్న రాసి పెట్టేది. 'అప్పుడు ఎండ ఏ పక్క నుంచి ఉంది?' 'నువ్వు ఎక్కడ నిలబడ్డావు?' తర్వాత విడపనకల్లు దిక్కు బదిలీ అయిపోయింది. పోయే రోజు నేను ఒక గుడ్డలో మంచి విత్తనపు గింజలు కట్టి ఇచ్చాను. "ఇది విత్తేకా, తినేకా?" అని అడిగింది. "తినేకే" అన్నాను.

నవ్య ఇప్పుడు అనంతపురంలో డిగ్రీ చదువుతోంది. హాస్టలు నుంచి ఏదో ఒక వీడియో పంపుతూ ఉంటుంది. నేను చూడను. "నెట్టు అయిపోతుందని కదా అవ్వా" అని ఎగతాళి చేస్తుంది. అందుకు కాదు. రాసి పంపవే, రాస్తే నువ్వు యాడ కూర్చోనుండేది నాకు కనపడతాది అంటాను. తిట్టుకుంటూ రాస్తుంది. నేను కూడా ఎవరికన్నా ఏదన్నా చెప్పేటప్పుడు, ఇది చూడని మనిషికి కనపడుతుందా, కావాల్సింది దాచుకుంటున్నానా అని చూసుకుంటాను. అరవై దాటినాక అబ్బిన అలవాటు, ఇంక పోదు.

ఇదంతా రాసినాక, హసీనా టీచరమ్మను చూడని మనిషి కావలసి వచ్చింది. పక్కింటికి వజ్రకరూరు నుంచి వచ్చిన కొత్త కోడలు శాంతిని పిలిచి, విత్తనం ఒలిచేది ఆపి, మొత్తం చదివి వినిపించాను. ఏం కనపడిందో చెప్పమన్నాను. ఆ పిల్ల అంతా చెప్పింది. పగిలిన ఫోను, రొట్టె, పెన్ను మూత అన్నీ చెప్పింది. తర్వాత కొంచెం భయపడుతూ, "ఆ టీచరమ్మ నవ్వింది అని రాసినావు కదా పెద్దమ్మా. ఎట్ల నవ్వుతాదో రాయల్యా. అది నాకు కనపల్యా" అనింది.

సరిగ్గా అడిగింది. రాస్తున్నాను. హసీనా టీచరమ్మ నవ్వితే ముందు చప్పుడు రాదు. భుజాలు కదులుతాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. ఇంక రాదులే అని మనం అనుకునేసరికి, బాగా ఎండిన కాయను చెవి దగ్గర ఆడించినట్లు, లోపలి నుంచి గలగలమని వస్తుంది.