‘సెరుకు’ అన్నందుకు వెనక్కి పోయిన కాయ

1966 చెరుకు కోతల కాలంలో నన్ను రుద్రూర్ దగ్గర, కోత కూలీల గుడిసెల మధ్య నడిచే బాలవాడికి బాలసేవికగా వేశారు. మా పైఅధికారి ముఖ్యసేవిక నెలకోసారి వచ్చి రిజిస్టరు చూసేది. నేను అక్షరాలు నేర్చింది ఇరవై రెండేళ్లకు, పెద్దల రాత్రిబడిలో. అప్పుడు ‘సెరుకు’ అని చదివితే తరగతంతా నవ్వింది. ఆ కసి పిల్లల మీద తీర్చుకున్నాను.

పలకలు చాలక, గోనెపట్టా మీద సున్నంతో పచ్చీసు గళ్లు గీసి, గడికో అక్షరం రాశాను. గవ్వలు వేసి, కాయ ఆగిన గడిలోని అక్షరం మీద వేలు పెట్టి, దానితో మొదలయ్యే మాట చెప్పాలి. తప్పితే కాయ మొదటికి. నడిమింటికి చేరితే పండినట్టు. పుస్తకం చూస్తే పారిపోయే పిల్లలు గవ్వల కోసం కొట్లాడుకుంటూ నెలలో అక్షరాలు పట్టేశారు.

అందరికన్నా ముందు పట్టింది ఏడేళ్ల సాయవ్వ. పక్క ఊరి బడి హాస్టల్లో ఒక్క చోటు ఖాళీగా ఉంది. అక్షరాలు వచ్చిన పిల్లనే తీసుకుంటామన్నారు.

“దీన్ని గా బడిల ఎయ్యి అక్కా. నా చేతిల కత్తి దీని చేతికి రావద్దు” అంది తల్లి నర్సవ్వ.

నడిమింటికి ముందు గడి ‘చె’. సాయవ్వ సరిగ్గా వేలు పెట్టి “సెరుకు” అంది. కాయ వెనక్కి పంపాను.

“మా అవ్వ కోసేది సెరుకే గద టీచరమ్మా! నువ్వు నమిలేది గూడ గదే!”

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. నాలుగు రోజులు అలాగే వెనక్కి పంపాను. “ఓ సెరుకవ్వా” అని పిల్లలు ఏడిపించారు. అయిదో రోజు ఆమె గవ్వలు ముట్టలేదు.

ఆ బడి హెడ్మాస్టరు పిల్లను పరీక్షించడానికి వచ్చి ‘చె’ చూపమన్నారు. వేలు సరిగ్గానే పోయింది. ఏ మాట అడిగినా నోరు మాత్రం తెరవలేదు. పిల్లకు మాటలు రావా అని నన్నడిగారు. వస్తాయని చెప్పి, ఒక్క మాట పలికించవలసింది నేనే. ఆయన ‘సెరుకు’ వింటే నా చదువు ఎంతపాటిదో బయటపడుతుందని ఊరుకున్నాను. చోటు ఇంకో పిల్లకు పోయింది.

మరుసటి ఏడు సాయవ్వ కత్తితో వచ్చింది. పట్టా పరిచి రమ్మన్నాను.

“నాకు నోరు తిరుగది టీచరమ్మా. మా తమ్మునికి నేర్పు.” వంగి, ‘చె’ మీద ఒకసారి వేలు పెట్టి, తోటలోకి పోయింది.

ఆ రోజే నియమం మార్చాను. వేలు సరైన అక్షరం మీదుంటే, ఇంట్లో పలికే మాట చెప్పినా కాయ ముందుకే. ఆ తర్వాత ఏ పిల్లా ఆట మధ్యలో నోరు మూసుకోలేదు. పలుకు మెల్లగా అదే వచ్చింది. ఇది నాకు తెలిసేసరికి సాయవ్వ మోపులు కట్టడం కూడా నేర్చుకుంది.