పనసకాయ లాకుల దగ్గర ఆగిపోయిన రోజు

పగలు కథ చెబితే మేనమామ దారి తప్పుతాడు. రేపు ఆదివారం అన్నంత మామూలుగా చెప్పేది మా అమ్మమ్మ ఈ మాటని. అందుకే మా ఇంట్లో కథలన్నీ దీపాలు పెట్టాకే. ఆవిడ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ మొదలుపెట్టేది. ఎదురుగా కూర్చుని నేను "ఊ" కొట్టాలి. నా ఊ ఆగితే ఆవిడ కథ ఆపేసేది. నాకేమో పదో ఊకే కళ్ళు మూతలు పడిపోయేవి. అంచేత నాకు బోలెడు కథలు తెలుసుగానీ ఒక్కదానికీ ముగింపు తెలీదు. ఇప్పుడు నేను రాసేవి చదివినవాళ్ళు కూడా నా గురించి అదే మాటంటుంటారు. పాపం, వాళ్ళకి మా అమ్మమ్మ సంగతి తెలీదు.

తొంభైల మధ్యలో, నేను నాలుగో తరగతిలో ఉండగా, మా కాన్వెంటులో ఓ శనివారం పొద్దున్న తెలుగు కథల పోటీ పెట్టారు. మామూలు రోజుల్లో తెలుగు మాట్లాడితే బెంచీ ఎక్కించేవారు. ఆ రోజు తెలుగు మాట్లాడమని స్టేజీ ఎక్కించారు. మొత్తానికి ఎక్కడం మాత్రం తప్పలేదు.

నేను పనసకాయ పెళ్ళికొడుకు కథ ఎత్తుకున్నాను. పిల్లల్లేని ఓ ముసలమ్మకి పెరట్లో పనసకాయ ఒకటి కాస్తుంది. అది "అమ్మా, నాకు పెళ్ళి చెయ్యి" అంటుంది. పిల్లని వెతుక్కుంటూ దొర్లుకుంటూ బయల్దేరుతుంది. ఒక ఊళ్ళో ముళ్ళున్నాయంటారు. ఇంకో ఊళ్ళో జిగురంటారు. సిగ్గుపడి వెనక్కి దొర్లుతూ పంటకాలవలో పడి, కొట్టుకుపోయి, కాలవ నీళ్ళాపే లాకుల దగ్గర తలుపుల మధ్యన ఇరుక్కుంటుంది. సరిగ్గా అక్కడ మా మేడం గంట కొట్టింది. అయిదు నిమిషాలయిపోయాయిట. కన్సొలేషన్ ప్రైజు కింద సోపు డబ్బా ఇచ్చి దింపేశారు.

సోపు డబ్బా సంబరంలో అది పగలన్న సంగతే మర్చిపోయాను.

ఇంటికి రాగానే నన్ను కొత్త గౌనులోకి దోపి, అంబాసిడర్‌లోకి తోశారు. సామర్లకోటలో మా మావయ్యకి పెళ్ళిచూపులు. మావయ్య తన కిరాణా కొట్టుకి సరుకు కొనడానికి బెజవాడ వెళ్ళాడు. అటునుంచటే రైల్లో వచ్చి రెండున్నరకి సామర్లకోటలో దిగుతాడు. మేము, అంటే అమ్మమ్మ, అమ్మ, నేను, కార్లో తిన్నగా పెళ్ళికూతురింటికి వెళ్ళిపోవడం. అదీ ఏర్పాటు.

ఇది ఆరో సంబంధం. మావయ్యది బంగారంలాంటి మనసేగానీ కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదు. అయిదో సంబంధంలో "అమ్మాయిని ఏమైనా అడుగుతావా బాబూ" అంటే, చాలాసేపు ఆలోచించి, "ఫ్యాను వేస్తారా అండి" అని అడిగాడు. వాళ్ళు ఫ్యాను వేశారు, సంబంధం ఆపేశారు. అందుకని దారంతా అమ్మమ్మ ఒకటే గొణుగుడు.

"ఇదీ తప్పిపోతే ఇంక మా పేటలో సంబంధం అడిగేవాడుండడు. నేను పోయాక వాడికి అన్నం పెట్టేదెవరే?"

"నువ్వెక్కడికీ పోవుగానీ, కాస్త జరిగి కూర్చోవే అమ్మా" అంది మా అమ్మ.

పెళ్ళికూతురింట్లో రెండున్నరయింది. మూడయింది. మైసూరుపాకు పళ్ళేలు హాల్లోకి వచ్చి, పెళ్ళికొడుకు లేడని మళ్ళీ లోపలికెళ్ళిపోయాయి. వాటి వెనకే నా ప్రాణమూ వెళ్ళింది. పెళ్ళికూతురి నాన్నగారు స్కూటరేసుకుని స్టేషన్‌దాకా వెళ్ళొచ్చారు.

"బండి టైముకే వచ్చిందటండి. మీ అబ్బాయిగారు తప్ప అందరూ దిగారు."

"వచ్చేస్తాడండి. మా వాడు మాట తప్పడు" అంది అమ్మమ్మ.

"మాట తప్పరండి, నాకు తెలుసు. దారి తప్పారేమోనని" అన్నారాయన నవ్వుతూ. తర్వాత గడియారం చూశారు. "నాలుగున్నర నుంచీ వర్జ్యం. ఆ తర్వాతయితే మా ఇంట్లో పిల్లని చూపించరండి. మీరేమీ అనుకోకండి."

దారి తప్పారేమో. ఆ ముక్క వినగానే పొద్దున్న స్టేజీ గుర్తొచ్చింది. కిటికీలోంచి ఎండ కనబడింది. మావయ్య ఏ అడవిలోనో తిరుగుతున్నట్టు, ఆయన సరుకు సంచీని కోతులు లాక్కుంటున్నట్టు కళ్ళముందు ఆడింది. ఏడుపు ఎత్తుకున్నాను.

"ఏమైందే?" అంది అమ్మ.

"మావయ్యని నేనే దారి తప్పించేశాను. పొద్దున్న బళ్ళో కథ చెప్పాను."

పెళ్ళివారంతా నా కేసి చూశారు. అమ్మ నుదురు పట్టుకుంది. అమ్మమ్మ మాత్రం డాక్టరుగారిలా ముందుకి వంగింది.

"ఏ కథ?"

"పనసకాయది."

"ఎందాకా చెప్పావు?"

"లాకుల దగ్గర ఇరుక్కునేదాకా."

"మరి అక్కడ ఒదిలేస్తే వాడెలా వస్తాడే? వాడూ ఎక్కడో ఇరుక్కునే ఉంటాడు. కానీ, పూర్తి చెయ్యి."

"నాకు తెలీదు. నేనెప్పుడూ మధ్యలోనే నిద్రపోతాను. నువ్వు చెప్పు."

"మొదలెట్టినవాళ్ళే ముగించాలి. నేను చెబితే లెక్కలోకి రాదు."

పిల్లలకి ఈ కథలెందుకండీ అని నన్నెవరైనా అడిగితే ఆ క్షణమే గుర్తొస్తుంది. నా నోట్లోంచి వచ్చిన మాటకి ఎక్కడో రైల్లో ఉన్న మనిషి దారి మారిపోతుందని తొమ్మిదేళ్ళకే నమ్మాను. బళ్ళో నా మాటకి పక్క బెంచీ పిల్ల కూడా తలతిప్పేది కాదు. ఇక్కడేమో, ఒక పనసకాయని గట్టెక్కించకపోతే మా మావయ్యకి పెళ్ళి లేదు. అంత బరువు మళ్ళీ ఏ చదువూ నా మీద పెట్టలేదు. పెట్టినా మోసేదాన్ని కాదనుకోండి.

ముక్కు తుడుచుకుని మొదలుపెట్టాను.

"పనసకాయ లాకుల దగ్గర ఇరుక్కుందా..."

ఎవరూ ఊ కొట్టలేదు. పెద్దమనుషులు కదా, పెద్దమనుషుల్లా కూర్చున్నారు. ఊ లేకపోతే నాకు మాట కదలదు. మళ్ళీ అన్నాను.

"ఇరుక్కుందా..."

"ఊ" అని వినిపించింది. హాల్లోంచి కాదు, లోపలి గది కర్టెన్ వెనకనుంచి. ఆడగొంతు.

నాకు ఎక్కడలేని ఊపొచ్చింది. "అప్పుడు ఒకమ్మాయి నీళ్ళకొచ్చింది. పనసకాయ, 'నన్ను పైకి తియ్యవా' అంది."

"ఊ."

"ఆ అమ్మాయి ముట్టుకోబోతే ముళ్ళు. పట్టుకోబోతే జిగురు. అప్పుడూ... అప్పుడేమో..." నా బుర్రలో సరుకు అయిపోయింది. పెళ్ళికూతురి నాన్నగారు కూడా గడియారం చూడడం మానేసి నా నోటికేసి చూస్తున్నారు. మళ్ళీ ఏడుపొచ్చేలా ఉంది.

కర్టెన్ వెనక గొంతు తాపీగా అంది: "అప్పుడా అమ్మాయి ఇంటికెళ్ళి, రెండు చేతులకీ నూనె రాసుకుని వచ్చింది. నూనె రాసుకుంటే జిగురేం చేస్తుంది?"

"ఊ" అన్నాను నేను. అమ్మమ్మ కూడా అంది. చెప్పకూడదుగానీ పెళ్ళికూతురి నాన్నగారూ అన్నారు.

"రెండు చేతుల్తో ఎత్తుకుంది. ముళ్ళంటే పైపైనే కదా, లోపల తియ్యగానే ఉంటుందని ఇంటికి తీసుకెళ్ళిపోయింది."

"తీసుకెళ్ళి?" అంది అమ్మమ్మ, ఆ కథ తనకే తెలీనట్టు.

కొంచెంసేపు లోపల గాజుల చప్పుడు. "పెళ్ళి చేసుకుందండి."

పెళ్ళికూతురి నాన్నగారు కర్టెన్ కేసి చూసి, మా అమ్మమ్మ కేసి చూసి, "మా అమ్మాయండి" అన్నారు, మాకేదో అనుమానం ఉన్నట్టు. తర్వాత లోపలికి కేకేసి, "ఆ మైసూరుపాకు పట్రండి" అన్నారు. అమ్మమ్మ కళ్ళు ఒత్తుకుంది. అమ్మ నా బుగ్గ గిల్లింది, నొప్పి పుట్టేలా, ప్రేమగానే.

మేం రెండో ముక్క తింటుండగా గుమ్మంలో మావయ్య. చొక్కా నలిగిపోయి, జుట్టు లేచిపోయి ఉన్నాడు. పైబెర్తు మీద నిద్రపోయి, సామర్లకోట దాటేసి, అన్నవరంలో మెలకువొచ్చి దిగాట్ట. వెనక్కి రైలు లేక, కొండ కింద ప్రసాదం పొట్లాలు కొనుక్కుని, దొరికిన బస్సెక్కి వచ్చాట్ట. నేను కథ ముగించేసరికి ఆ బస్సు ఎక్కడుందని తర్వాత ఎన్నోసార్లు అడిగాను. పిఠాపురం దాటి ఉంటుందన్నాడు. నాకు అది చాలు.

మావయ్య పొట్లాలు పెళ్ళికూతురి నాన్నగారి చేతిలో పెట్టి, గడియారం చూశాడు. నాలుగూ ఇరవై. దారిపొడుగునా కూడబలుక్కున్నట్టున్నాడు, జీవితంలో మొదటిసారి గడగడా మాట్లాడాడు.

"ఆలస్యమైపోయిందండి. తప్పు నాదే. వర్జ్యానికి ఇంకా పది నిమిషాలుందండి. చూపులు కానిచ్చేద్దామాండి?"

"చూపులెందుకు బాబూ, మాటలు కూడా అయిపోతేను" అన్నారాయన. "కూర్చోండి, ముందు ఫలహారం తీసుకోండి."

మావయ్య ఏమీ అర్థంకాక కుర్చీ అంచున కూర్చున్నాడు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, అమ్మమ్మ చెవి దగ్గరికి వంగి మెల్లిగా అడిగాడు.

"అమ్మా, ఇంతకీ అమ్మాయేదే?"